అమ్మ మార్బుల్ కేక్ రెసిపీ మార్చొచ్చా, మార్చకూడదా?

గోదావరి గట్టు:
వచ్చే నెల నాన్నకి డెబ్భై నిండుతాయి. అమ్మ పోయాక వస్తున్న మొదటి పుట్టినరోజు. ప్రతి ఏడూ ఆయన కోసం అమ్మ మార్బుల్ కేక్ (తెల్ల పిండిలో కోకో పిండి చారలు తిప్పే కేక్) చేసేది, కుక్కర్‌లో ఇసుక పోసి, గ్యాస్కెట్, వెయిట్ తీసేసి. గిన్నె చిన్నది, అందుకని రెండు వాయిలు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యలో వెన్న, పంచదార పొడి, కోకో కలిపి రాసేది. చీటీ నా దగ్గరే ఉంది: మైదా, పంచదార, డాల్డా తలో పావుకిలో, గుడ్లు నాలుగు, కోకో రెండు చెంచాలు. డాల్డా మానేసి బటర్‌తో ఓవెన్‌లో చేద్దామంటోంది వదిన. నాకేమో ఒక్క చెంచా మార్చినా అది అమ్మ కేక్ కాదనిపిస్తోంది. ఏం చేయమంటారు?

పాత జాడీ:
మార్చకండి. మా అత్తగారు పోయిన ఏడు ఆవకాయలో నువ్వుల నూనె బదులు వేరే నూనె పోశాం. మామగారు ఏమీ అనలేదు గానీ మొదటి ముద్ద తర్వాత మళ్లీ ఆ జాడీ వైపు చూడలేదు. ఏడాదికి ఒక్కరోజు డాల్డా తింటే ఏమవుతుంది?

కేకుల వనజ:
అమ్మగారు వాడిన డాల్డా ఇప్పుడు దొరకదండీ. నూనెల్లో, డాల్డా లాంటి వనస్పతిలో ట్రాన్స్‌ఫ్యాట్ (గుండెకి చెడు చేసే కొవ్వు) 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నియమం ఉంది, కాబట్టి ప్యాకెట్ మీద పేరు అదే అయినా లోపల ఉన్నది 1990ల నాటి సరుకు కాదు. అసలు మార్బుల్ కేకే మారుతూ వచ్చింది. 19వ శతాబ్దంలో జర్మనీలో పుట్టి, అక్కడి వాళ్లతో అమెరికా వెళ్లింది, మొదట్లో నల్ల చార కోసం మొలాసిస్ (చెరకు మడ్డి), మసాలా దినుసులు వేసేవాళ్లు, చాక్లెట్ తర్వాత వచ్చింది. బటర్ వేస్తే ఉప్పు లేనిది తీసుకోండి, అందులో అయిదో వంతు దాకా నీళ్లూ అవీ ఉంటాయి కాబట్టి 250 గ్రాముల డాల్డాకి 300 గ్రాములు పడుతుంది. కోకో తడిని పీల్చేస్తుంది, ఆ పిండిలో రెండు చెంచాల పాలు పోసి తెల్ల పిండంత జారుగా చేయండి, లేకపోతే బరువెక్కి అడుక్కి పోతుంది. కత్తితో మూడు నాలుగు సార్లే తిప్పాలి. అయిదోసారి తిప్పారంటే చారలు పోయి మొత్తం ఒకటే రంగు.

పాత జాడీ:
నియమం సంగతి సరే, మరి వాసన? డాల్డాకి పెద్దగా వాసన ఉండదు, అందుకే ఆ కేక్‌లో వెనిలా ఎసెన్స్ ఒక్కటే గుప్పుమనేది. బటర్ వేస్తే దాన్ని మింగేస్తుంది. ఓవెన్‌లో పైన ఎర్రగా కాలుతుంది, కుక్కర్‌లో లోపలి ఆవిరికి పైన తెల్లగా మెత్తగా ఉంటుంది. ఆయనకి తెలిసిన కేక్ అది.

కేకుల వనజ:
కుక్కర్ విషయంలో మీ మాటే ఒప్పుకుంటున్నాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. బటర్ దగ్గర మాత్రం ఒప్పుకోను. డెబ్భై ఏళ్ల మనిషి తినేది, పైగా మధ్యలో రాసేది ఎలాగూ వెన్నే.

గోదావరి గట్టు:
నిన్న సగం కొలతతో చేసి చూశాను. కుక్కర్, ఇసుక, బటర్, ఎసెన్స్ అర చెంచా ఎక్కువ. మొదటి వాయి బాగా పొంగింది. రెండోది ఆలస్యం కావడంతో కాస్త అణిగింది, పారేద్దామనుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ కేక్‌లో అడుగు వరస ఎప్పుడూ పల్చగానే ఉండేది. అణిగిన వాయిని కింద పెట్టి కోకో రాసేది కాబోలు, ఇన్నేళ్లూ నేను గమనించనేలేదు. నేనూ అలాగే పెట్టాను. వసారాలో పేపర్ చదువుకుంటున్న నాన్న అక్కడి నుంచే "రెండో వాయి దించావా అమ్మా?" అని అడిగారు. బటర్ అని ఇంకా చెప్పలేదు.