సింగపూర్‌లో గాలం వేయనిస్తారా? మైలవరం పద్ధతి ఆడ పనికొస్తాదా?

మైలవరం గాలం (జమ్మలమడుగు)

అన్నలూ, తమ్ముళ్లూ, నమస్తే. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనా. మైలవరం డ్యాం కాడ గాలమేయడం నాకు ముప్పై ఏండ్ల రోగం. సెలవు దొరికితే చాలు, తెల్లారకముందే టిఫిన్ డబ్బా, తవుడు ముద్ద సైకిలుకు తగిలించుకోని పోయేవాణ్ణి.

మా పాప సింగపూర్‌లో ఇషూన్ అనేచోట ఉంటాది. ఆగస్టులో కానుపు. నేనూ మా ఆవిడా రెండు నెలలు పోతాండాం. ఆమెకు చేతినిండా పనే, నాకేముంటాది? మొన్న వీడియో కాల్‌లో పాప బాల్కనీలోంచి చూపించింది, ఇంటికి దగ్గర్లోనే ఇంత పెద్ద నీళ్లు. లోయర్ సెలెటార్ జలాశయమంట. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టలే.

నా సామాను చెప్తా: పన్నెండడుగుల వెదురు గడ, తంగూసు, జొన్నదంటు బెండు, సీసం గుండు. బొచ్చెకు, రోహుకు తవుడు, గోధుమపిండి ముద్ద. జెల్లకు ఎర్రలు, అంటే వానపాములు. కొర్రమీనుకు చిన్న కప్ప. ఇవి ఆడ పనికొస్తాయా? లైసెన్సు కావాల్నా? పట్టిన చేప ఇంటికి తెచ్చుకోవచ్చా? ఆ దేశంలో దేనికైనా ఫైనే అని అల్లుడు బెదిరిస్తాండాడు.

ప్రొద్దుటూరోడు (సింగపూర్, షిప్‌యార్డు)

పెద్దాయనా, మీ అల్లుడు చెప్పింది నిజమే. తొమ్మిదేండ్లుగా ఈడ ఉండా, ఆదివారం నా పని కూడా ఇదే.

లైసెన్సు అక్కర్లేదు. కానీ గట్టు కనపడిందని యాడంటే ఆడ కూర్చోకూడదు. చేపలు పట్టే చోటని బోర్డు పెట్టుంటారు, ఆ హద్దులోనే వేయాల. దాటితే మూడు వేల డాలర్ల దాకా జరిమానా, మన లెక్కలో రెండు లక్షలకు దగ్గర. ఇది జనం తాగే నీళ్లు కదా. ఒకప్పుడు సముద్రంలో కలిసే ఏరు, 1986లో కట్ట కట్టి మంచినీళ్ల జలాశయం చేసినారు. అందుకే ప్రాణమున్న ఎర వేయకూడదు. మీ ఎర్రలు, కప్ప రెండూ ఇంట్లోనే పెట్టి రాండి. పిండి ముద్ద కూడా వద్దు. రబ్బరు కప్ప, ప్లాస్టిక్ చేప, రేకు తళుకు, ఇట్లాంటి ఉత్తుత్తి ఎరలే వేయాల.

వెదురు గడ విమానంలో యాడ పెడతారు సామీ! ఈడ మడిచే రాడ్డు, రీలు కొనుక్కోండి. చేపలు కూడా వేరే. బొచ్చె, రోహు మీద ఆశ పెట్టుకోవద్దండి. జిలేబీ చేపలు ఉంటాయి. పీకాక్ బాస్ అని పసుపుపచ్చ ఒంటి మీద నల్ల చారలు, తోక మీద కన్ను లాంటి మచ్చ ఉండే చేప ఒకటి. దాని సొంత ఊరు దక్షిణ అమెరికా, ఎవరో తెచ్చి వదిలితే ఈడ పాతుకుపోయింది. ఇంకోటి తోమాన్. మన కొర్రమీను జాతే, మీటరు దాకా పెరుగుతాది, పండ్లు తంగూసును కోసేస్తాయి.

ఇంకో రెండు మాటలు. ఈడ ఏడాది పొడుగునా ఏడు గంటలకే పొద్దు పొడిచేది. మన అలవాటుగా ఐదుకే పోతే దోమలకు ఎర అయ్యేది మీరే. మధ్యాహ్నం ఉరిమితే కార్బన్ రాడ్డు కింద పెట్టి దూరం జరగండి.

కొండాపురం మండలం

అన్నా, తోమాన్‌కు భయపడాకు. కొర్రమీను చూసినోనికి అదేం కొత్త కాదు. గాలి కోసం పైకొచ్చి 'గుబుక్'మని మింగుతాది చూడు, ఆ సుడి లేచినచోటికి రొంత ముందుకు వేయి. పిల్లలు ఎర్రగా గుంపుగా తేలితే కింద తల్లో తండ్రో కాపలా ఉంటాది. అప్పుడు ఏమి వేసినా కోపంతో కొడతాది. కానీ ఆ టైములో పట్టొద్దన్నా, పిల్లలన్నీ పక్క చేపల నోట్లోకే పోతాయి.

నేనిప్పుడు గండికోట డ్యాం నీళ్లలో వేస్తాండా. మా ఊరు దాంట్లోనే మునిగింది. మా చీనీతోట ఉన్నచోట జిలేబీలు బాగా పడతాయి. నవ్వాల్నో ఏడ్వాల్నో నువ్వే చెప్పు.

అనంతపురం ఆడపడుచు

అన్నా, చేప పడకపోయినా ఒక పని చేయండి. ఈడ సింగపూర్ మార్కెట్‌లో హరువాన్ అని దొరుకుతాది, అచ్చం మన కొర్రమీనే. ఆపరేషనైనోళ్లకు, బాలింతలకు పుండు మానుతుందని దాని సూపు తాపుతారు. నా కానుపప్పుడు పక్కింటి మలయ్ ఆమె గిన్నెడు తెచ్చిచ్చింది. మీ పాపకు డాక్టరును అడిగి పెట్టండి. ఇంట్లో తిట్లు తగ్గుతాయి, మీకు గట్టు మీద ఇంకో గంట దొరుకుతాది.

మైలవరం గాలం

అందరికీ దండాలు. ఇప్పుడు ఇషూన్ నుంచే రాస్తాండా. మనవరాలు పుట్టింది, ఇద్దరూ బాగుండారు. సూపు మంత్రం పనిచేసిందమ్మా.

ఆరు పొద్దులు పోయినా. మొదటి నాలుగు రోజులు రీలు తిప్పడం నేర్చుకోడానికే సరిపాయ. బెండు లేకుండా చూపు యాడ పెట్టాల్నో తెలీలే, ముప్పై ఏండ్లు దాన్ని చూస్తానే బతికినోణ్ణి. ఐదో రోజు ఒక పీకాక్ బాస్, జానెడుంటాది. పక్కనున్న చైనా ముసలాయన వదిలేయమని సైగ చేసినాడు. వదిలినా. మా ఆవిడకు మాత్రం ఏమీ పడలేదని చెప్పినా, చేతికొచ్చిందాన్ని నీళ్లలో వేసినానంటే ఊరుకోదు.

ఆరో రోజు కొండాపురం తమ్ముడు చెప్పినట్టే సుడి లేచింది, పిల్లలు లేవు. రొంత ముందుకేసినా. కొట్టింది చూడూ, రాడ్డు వంగిపోయింది! మూడు నిమిషాలు లాగింటుంది. ఉన్నట్టుండి వదులైంది. తెగిందేమో అనుకుంటే దారం కొస నున్నగా, రింగులు తిరిగుంది. రబ్బరు కప్ప దానితోనే పాయ, పన్నెండు డాలర్లు. తంగూసుకు వేసే మా నాయన నేర్పిన ముడే వేసినా, యానాడూ జారలే.

ప్రొద్దుటూరోడు

తప్పు చేపది కాదు, మీ నాయనదీ కాదు. రీలులో ఉండేది అల్లిన దారం, తంగూసు కాదు. నున్నగా ఉంటాది, పాత ముడి జారిపోతాది. దారాన్ని రెండు మడతలు చేసి కప్ప రింగులో దూర్చండి. ఆ మడతతోనే వదులుగా ఒక ముడి వేసి, కొసనుండే ఉచ్చులోంచి కప్పను మొత్తం దాటించి లాగండి. బిగించే ముందు ఉమ్మితో తడపండి. మధ్యలో ఒక జానెడు స్టీలు తీగ కూడా పెట్టండి, ముడి నిలిచినా పండ్లు ఊరుకోవు. ఈ ఆదివారం నాకు సెలవే, ఏడింటికి బోర్డు కాడ ఉంటా.