డయాలసిస్ సెంటర్ స్టార్ రేటింగ్‌ని ఎంతవరకు నమ్మొచ్చు?

డాలస్_వాసి:
నాన్నగారికి వచ్చే నెల నుంచి హీమోడయాలసిస్ మొదలుపెట్టాలన్నారు. మెడికేర్ (అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్లు సెంటర్లని పోల్చి చూపించే కేర్ కంపేర్ సైట్‌లో చూస్తే ఇంటి పక్కనున్న సెంటర్‌కి 3 స్టార్లు, నలభై నిమిషాల దూరంలో ఉన్నదానికి 5. వారానికి మూడుసార్లు వెళ్లాలి కదా, ఏం చూసి తేల్చుకోవాలి? టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు:
స్టార్లు పక్కన పెట్టి లోపలి వివరాలు తెరవండి. అసలు స్టార్లే రెండు రకాలు, ఒకటి వైద్యానికి, ఇంకోటి పేషెంట్ల సర్వేకి, చాలామంది రెండూ కలిపేసుకుంటారు. నేనైతే ముందు రక్తంలో ఇన్ఫెక్షన్లు, తర్వాత నెలల తరబడి కెథెటర్‌తోనే (పెద్ద రక్తనాళంలోకి పెట్టే గొట్టం) నడుస్తున్నవాళ్లు ఎంతమంది అన్నది చూస్తాను, ఎందుకంటే ఫిస్టులా (చేతిలో ధమనిని, సిరని ఆపరేషన్‌తో కలిపి చేసే దారి) కంటే కెథెటర్‌తో ఇన్ఫెక్షన్ ముప్పు చాలా ఎక్కువ. కెటీ/వి (డయాలసిస్‌లో రక్తం ఎంత బాగా శుభ్రమైందో చెప్పే కొలత) 1.2 దాటినవాళ్ల శాతం చాలా సెంటర్లలో బాగానే ఉంటుంది, దాన్నిబట్టి పెద్దగా తేడా తెలీదు.

నైట్‌డ్యూటీ:
ఆ అంకెలు ఈ నెలవి కావండీ, ఏ కాలానివో తేదీలు చూసుకోండి. ఒకసారి స్వయంగా వెళ్లండి. ఒక టెక్నీషియన్ ఎంతమందిని చూస్తున్నారు, సూది గుచ్చేముందు చేతులు కడిగి గ్లవ్స్ మారుస్తున్నారా, కిడ్నీ ట్రాన్స్‌ప్లాంట్ లిస్టు మాట వాళ్లే ఎత్తుతారా? పైగా డయాలసిస్ అయ్యాక ఆ నీరసంలో నలభై నిమిషాల ప్రయాణం పెద్దాయనకి చాలా కష్టం.

డాలస్_వాసి:
థాంక్సండీ. దగ్గరదానికి ఇన్ఫెక్షన్లలో "అంచనాకంటే మెరుగు" అనే ఉంది, స్టార్లు ఎక్కడ తగ్గాయో మరి. శనివారం వెళ్లి అడుగుతాం.