తిరుగుబాటు వద్దన్న విలియం నిబ్ వీరుడెలా అయ్యాడు?

ప్రశ్న:
జమైకా చరిత్ర చదువుతున్నాను. 1831 డిసెంబర్ 27న సాల్టర్స్ హిల్‌లో కొత్త చాపెల్ (చిన్న చర్చి) తెరిచారు. అక్కడ బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖ బోధకుడు నిబ్ బానిసలతో, "రాజుగారు మిమ్మల్ని విడిపించారన్నది పుకారు, నమ్మకండి, పనిలోకి వెళ్లండి" అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ రాత్రే కెన్సింగ్టన్ ఎస్టేట్ తగలబడింది, బానిసల తిరుగుబాటు మొదలైంది. వీరుడన్న పేరు ఆ తిరుగుబాటు నడిపి ఉరికంబమెక్కిన శామ్ షార్ప్‌కి రావాలి గానీ ఇతనికెందుకు? నాకు మింగుడు పడటం లేదు.

జవాబు:
నేను సండే స్కూల్లో నిబ్ పాఠం చెబుతుంటానండీ. మొదట్లో సాల్టర్స్ హిల్ ముక్క దాటేసేదాన్ని. ఇప్పుడు అక్కడినుంచే మొదలుపెడతాను.

నిబ్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో అచ్చు ప్రెస్సు పని నేర్చుకున్నవాడు. జమైకాలో బడి నడిపిన అన్న థామస్ 1824లో చనిపోతే, ఆ పని అందుకోవడానికి బయల్దేరాడు. అప్పటికి 21 ఏళ్లు. రాజకీయాల జోలికి పోవద్దన్నది అతన్ని పంపిన బాప్టిస్టు మిషనరీ సొసైటీ షరతు. అతను ఆ గీత దాటలేదు. మరి ఏమైంది? తిరుగుబాటు మొదలయ్యాక అతన్నే అరెస్టు చేశారు. జమైకాలోని ఫాల్మత్ ఊళ్లో అతని చాపెల్ కూల్చేశారు. అతను ఎరిగిన చర్చి సంఘాల మనుషులనే ఉరితీశారు, ద్వీపం మొత్తం మీద 300 మందికి పైనే. 1832లో ఇంగ్లండ్ వెళ్లి, సొసైటీ సభలోనే బానిసత్వం వెంటనే పోవాలన్నాడు. తర్వాత పార్లమెంటు కమిటీల ముందు సాక్ష్యం చెప్పాడు. నిబ్ నోరు తెరిపించింది షార్ప్, షార్ప్ వెంట నడిచిన వేలమంది. నేను పిల్లలకు చెప్పేది ఇదే.

మరొకరి జవాబు:
బానిసత్వాన్ని రద్దు చేసిన 1833 బ్రిటిష్ చట్టం కూడా చూడండి. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం, బానిసలకు పైసా లేదు. పైగా "అప్రెంటిస్‌షిప్" పేరుతో 1838 దాకా అదే వెట్టి. నిబ్ దాన్నీ ఎదిరించాడు. 1838 జూలై 31 రాత్రి ఫాల్మత్‌లో గొలుసు, కొరడా, ఇనుప పట్టెడ శవపేటికలో పెట్టి పాతిపెట్టారు. తర్వాత భూములు కొని, విడుదలైనవాళ్లకు ఊళ్లు కట్టించాడు. 1845లో పచ్చజ్వరంతో పోయాడు, 42 ఏళ్లకే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. షార్ప్‌ది కూడా బాప్టిస్టు సంఘమేనా?

మొదటి జవాబిచ్చినవారు:
అవునండీ, జమైకాలోని మాంటిగో బే చర్చిలో డీకన్ (సంఘ సేవకుడు). చదువు వచ్చినవాడు, పేపర్లు చదివి తోటివాళ్లకు చెప్పేవాడు. క్రిస్మస్ తర్వాత కూలి ఇస్తేనే చెరకు కోతకు వెళ్దామన్నది అతని పథకం. 1832 మే 23న ఉరితీసి, రేవు దగ్గర ఇసుకలో పూడ్చేశారు. తర్వాత అస్థికలు తీసుకొచ్చి చాపెల్లో ప్రసంగ వేదిక కిందే సమాధి చేశారు.