రైల్స్ ప్లగిన్ నేర్చుకోవాలంటే ఇప్పుడే రాయాలా, ఆగాలా?

రూబీ_కొత్త:
ఏడాదిన్నరగా రూబీ ఆన్ రైల్స్ (రూబీ భాషలో వెబ్ యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మీద పని చేస్తున్నా. మా మూడు యాప్‌లలోనూ మొబైల్ నంబర్ సరిచూసే కోడ్ ఒకటే: ముందు సున్నా గానీ ప్లస్ 91 గానీ ఉంటే తీసెయ్యడం, మిగిలినవి 10 అంకెలా కాదా చూడటం. ఒకచోట మార్చి మిగతా రెండు చోట్ల మర్చిపోతున్నాం. దీన్నే ప్లగిన్‌గా, అంటే ఏ యాప్‌కైనా తగిలించుకునే విడి కోడ్‌గా, రాస్తూ నేర్చుకుందామనుకున్నా. టీమ్‌లో ఒకరు ఇవాళే మొదలుపెట్టు అంటారు, ఇంకొకరు ఇంత తక్కువ అనుభవంతో ప్లగిన్ జోలికి పోవద్దంటారు. మీరేమంటారు?

నెల్లూరు_డెవ్:
ఇవాళే. 'రైల్స్ ప్లగిన్ న్యూ' అనే కమాండ్‌కి పేరిస్తే జెమ్‌స్పెక్ (ప్యాకేజీ వివరాల ఫైల్), కోడ్ ఉండే లిబ్ ఫోల్డర్, టెస్టులు, టెస్ట్ ఫోల్డర్ లోపల డమ్మీ అనే చిన్న రైల్స్ యాప్, అన్నీ అదే తయారుచేసి పెడుతుంది. రైల్స్ గైడ్‌లో రూబీ సొంత స్ట్రింగ్ క్లాస్‌కి 'టు_స్క్వాక్' అనే మెథడ్ తగిలించే ఉదాహరణ చాలా ఏళ్లు ఉంది, నేను దానితోనే మొదలుపెట్టా, ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

కోడ్_చదువరి:
నేను ఒప్పుకోను. స్ట్రింగ్‌కి మెథడ్ తగిలిస్తే అది మీ ప్లగిన్‌తో ఆగదు, ఆ యాప్‌లో ఉన్న ప్రతి జెమ్‌కీ (రూబీ కోడ్ ప్యాకేజీకీ) కనిపిస్తుంది. మొదటి పాఠమే అదైతే చెయ్యి అలాగే అలవాటు పడుతుంది. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఒకరు ప్లగిన్‌లో, డేటాబేస్ పని చూసే యాక్టివ్ రికార్డ్ బేస్ క్లాస్‌ని నేరుగా తెరిచి మాడ్యూల్ కలిపారు. దాంతో యాప్ ఇనిషియలైజర్లు (యాప్ మొదలయ్యేటప్పుడు నడిచే సెట్టింగ్ ఫైళ్లు) నడవకముందే యాక్టివ్ రికార్డ్ లోడ్ అయిపోయింది, బిలాంగ్స్_టు (ఆర్డర్ ఫలానా కస్టమర్‌ది అని చెప్పే లింకు) తప్పనిసరి అని ఇనిషియలైజర్‌లో పెట్టిన సెట్టింగ్ పట్టనే లేదు. ఎర్రర్ కూడా రాలేదు! కస్టమర్ లేని ఆర్డర్లు సేవ్ అవుతుంటే కారణం దొరకడానికి వారం పట్టింది, ఆ వారమంతా టెన్షనే. 'ఆన్_లోడ్' హుక్ లోపల, అంటే యాక్టివ్ రికార్డ్ తనంతట తాను లోడ్ అయినప్పుడే నడిచేలా, రాసుంటే సరిపోయేది. పైగా నెట్‌లో వెతికితే ఇంకా 'వెండార్ ప్లగిన్స్' ఫోల్డర్‌లో పెట్టమనే పాత పాఠాలే దొరుకుతాయి. 2013లో వచ్చిన రైల్స్ 4 నుంచి ఆ పద్ధతే లేదు, ప్లగిన్ అంటే జెమ్మే. అందుకే ముందు లాగిన్ పని చూసే డివైజ్ లాంటి మంచి జెమ్ కోడ్ చదవండి.

నెల్లూరు_డెవ్:
అన్నా, మీరు చెప్పిన తప్పు డమ్మీ యాప్‌లో ఆ సెట్టింగ్ పెట్టి ఒక్క టెస్ట్ రాసుంటే ముందే దొరికేది. అది రాస్తేనే తెలిసే విషయం, చదివితే తెలియదు. నేనూ డివైజ్ కోడ్ రెండు నెలలు చదివా, రూట్లు, మెయిలర్లు, కింద వార్డెన్ అనే ఇంకో జెమ్, ఒకదాని వెనక ఇంకొకటి, మొదటిసారి చదివేవాడికి అది అడవే. స్ట్రింగ్ విషయంలో మాత్రం మీ మాట నిజం, ఆ ఉదాహరణతో మొదలుపెట్టమని ఇకమీదట ఎవరికీ చెప్పను.

పాత_రైల్స్:
రాయడమా చదవడమా అని కాదు, ఎక్కడినుంచి తీస్తున్నారో చూడండి. రైల్స్ కూడా బేస్‌క్యాంప్ అనే నడుస్తున్న యాప్‌లోంచి విడదీసి 2004లో బయటికి ఇచ్చిందే. కొత్తగారి దగ్గర కోడ్ మూడు యాప్‌లలో నడుస్తోంది కాబట్టి ఆగాల్సిన పని లేదు. టేబుళ్లు లేవు, పేజీలు లేవు, కాబట్టి ఇంజిన్ (ప్లగిన్ లోపల పెట్టే చిన్న రైల్స్ యాప్ లాంటిది) అక్కర్లేదు. రైల్స్‌లోని యాక్టివ్ మోడల్‌లో ఉన్న ఈచ్ వ్యాలిడేటర్ (ఫీల్డ్ విలువ సరిచూసే క్లాస్) నుంచి ఒక క్లాస్ రాస్తే చాలు, ఎవరి క్లాసునీ తెరవక్కర్లేదు, ఆన్_లోడ్ గొడవ కూడా రాదు. జెమ్‌ఫైల్‌లో (యాప్ వాడే జెమ్‌ల జాబితాలో) ప్లగిన్ గిట్ చిరునామా ఇచ్చి ముందు ఒక్క యాప్‌లో వాడండి. కానీ తమ్ముడూ, ఆ మూడు కోడ్‌లూ నిజంగా ఒకటేనా? పక్కపక్కన పెట్టి చూశావా?

రూబీ_కొత్త:
ఇప్పుడే చూశాను అన్నా, ఒకటి కాదు. ఒక యాప్‌లో ల్యాండ్‌లైన్ కూడా తీసుకుంటున్నాం. నెల్లూరు 0861 నంబర్‌కి సున్నా తీసేస్తే 10 అంకెలు మిగులుతున్నాయి, పైగా 8తో మొదలవుతోంది, మా కోడ్ దాన్ని మొబైల్ అనుకుని ఓటీపీ పంపిస్తోంది. అంకెలు చూసి రెండూ విడదీయలేం, ఫారంలోనే వేరే గడి పెట్టాలి. ల్యాండ్‌లైన్‌ని ప్లగిన్‌లోకి తేను. మొబైల్ వ్యాలిడేటర్ ఒక్కటే ఈ రాత్రి మొదలుపెడుతున్నా, టెస్టులు ముందు రాసి.