డయలప్ కలుస్తోంది, షేర్డ్ ఫోల్డర్లు మాత్రం కనపడవు

ప్రశ్న: తిరుపతి ఆఫీసులో విండోస్ సర్వర్. చిత్తూరు బ్రాంచి వాళ్లు ఫోన్ లైన్ మీద మోడెంతో డయల్ చేసి (డయలప్) లోపలికొస్తారు. సర్వర్ అడ్రసు 192.168.1.10కి పింగ్ (అవతలి మెషీన్ బదులిస్తుందో లేదో చూసే పరీక్ష) పోతోంది. నెట్‌వర్క్ నైబర్‌హుడ్ (పాత విండోస్‌లో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల జాబితా) తెరిస్తే ఖాళీ. ఎక్కడ చూడాలన్నా?

జవాబు: పేర్ల దగ్గరే చిక్కు. ఆ జాబితా బ్రాడ్‌కాస్ట్ (నెట్‌వర్క్‌లో అందరికీ ఒకేసారి వేసే కేక) మీద నడుస్తుంది, బ్రాడ్‌కాస్టేమో రూటర్ దాటదు. ముందు రన్‌లో \\192.168.1.10 కొట్టించండి. తెరుచుకుంటే విన్స్ సర్వర్ (కంప్యూటర్ పేరుకి ఐపీ అడ్రసు చెప్పేది) పెట్టి, దాని అడ్రసు డయలప్ కనెక్షన్ టీసీపీ/ఐపీ సెట్టింగుల్లో ఇవ్వండి. ఒక్క సర్వరే అయితే విన్స్ దండగ. బ్రాంచి పీసీలోని ఎల్ఎంహోస్ట్స్ ఫైల్లో (పేర్లు, ఐపీలు చేత్తో రాసుకునే ఫైలు) ఐపీ, పేరు, పక్కన క్యాపిటల్స్‌లో #ప్రీ రాసి, ఆ ఫైలు మళ్లీ చదివించడానికి ఎన్‌బీటీస్టాట్ -ఆర్ కమాండ్ (ఈ ఆర్ కూడా క్యాపిటలే) కొడితే చాలు. నోట్‌ప్యాడ్ చడీచప్పుడు లేకుండా చివర .టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అలా సేవ్ అయితే విండోస్ ఆ ఫైలు మొహమే చూడదు.

ఇంకో జవాబు: పింగ్‌ని నమ్మొద్దు సామీ. బ్రాంచి లాన్ (ఆ ఆఫీసు లోపలి నెట్‌వర్క్) కూడా 192.168.1 సిరీసే అయితే బదులిచ్చేది అక్కడి ప్రింటరే కావచ్చు. డయల్ చేయకుండా పింగ్ కొట్టి చూడండి. అప్పుడూ బదులొస్తే ఒకవైపు సిరీస్ మార్చాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: ఐపీతో వెళ్తే పాస్‌వర్డ్ అడుగుతోంది.

జవాబు: అయితే దారి బాగానే ఉంది. షేర్డ్ ఫోల్డర్‌కి వెళ్తున్నది డయలప్ పేరు కాకుండా, ఆ పీసీలో లాగిన్ అయిన పేరు కావచ్చు. షేర్డ్ ఫోల్డర్‌ని కలిపే నెట్ యూజ్ కమాండ్‌లో డొమైన్\యూజర్ అని పూర్తిగా ఇవ్వండి.