అప్‌డేట్: ఫోన్ లాక్కోవాలా అని అడిగాను కదా, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి

తొమ్మిదో తరగతి చదివే మావాడు రాత్రి పన్నెండైనా గేమ్ వదలట్లేదు, ఫోన్ లాక్కోనా అని అడిగాను కదండీ. లాక్కోలేదు. ఇది జబ్బే అన్నవాళ్లకి ఒక మాట: డబ్ల్యూహెచ్‌ఓ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం ఆట మీద అదుపు తప్పి చదువూ ఇల్లూ దెబ్బతినడం మామూలుగా 12 నెలలైనా సాగితేనే దాన్ని జబ్బు (గేమింగ్ డిజార్డర్) అంటారు. మావాడింకా సాయంత్రమైతే క్రికెట్‌కి పరిగెడతాడు.

టైము వాడిచేతే చెప్పించాం. హోంవర్క్ అయ్యాక గంట, పదింటికి ఫోన్ హాల్లో చార్జింగ్‌కి. మ్యాచ్ మధ్యలో ఆపితే జట్టంతా తిడతారట, అందుకే మొదలెట్టింది పూర్తయ్యేదాకా ఆగుతున్నాం. సగం గొడవ దీంతోనే తగ్గింది. మా ఆయన ఫోనూ అక్కడే పెట్టాలి, ఆయనకే ఎక్కువ కష్టంగా ఉంది!

అసలు చిక్కు బడిలో ఒడియాతో. నాది ఆంధ్రాలోని పాతపట్నం, ఒడియా అక్షరం రాదు. మా ఆయన షాపు మూసి వచ్చేసరికి తొమ్మిదిన్నర. పాఠం అర్థం కాకపోతే అడగడానికి ఎవరూ లేక వీడు ఆటలో దూరేవాడు. ఇప్పుడు పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) సాయంత్రాలు చదివిస్తోంది. లెక్కల్లో మార్కులు పెరిగాయి, ఒడియా ఇంకా అంతంతే. ఆదివారం మాత్రం ఆ ఆట గంట రెండూ మూడూ అయిపోతోంది, మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?