ఉబ్బినట్టు కనిపిస్తే చాలా? వాసరెలీ, ఆల్బర్స్ బొమ్మల్లో లోతు

చతురస్రం:
కంటిని భ్రమింపజేసే ఆప్ ఆర్ట్ చిత్రకారుడు వాసరెలీ వేసిన వేగా అనే వరస బొమ్మల్లో గళ్ళు మధ్యలో పెద్దవై, చుట్టూ నొక్కుకుపోయి, కాన్వాస్ లోంచి బంతి ఉబికి వచ్చినట్టుంటుంది. మొదటిసారి ఎంత అబ్బురపడ్డానో నాలుగోసారికి అంత విసుగొచ్చింది, ఎప్పుడు చూసినా బంతే కదా. నా దృష్టిలో అది కంటికి గారడీ, అంతే. చిత్రకారుడు, కళాబోధకుడు జోసెఫ్ ఆల్బర్స్ అలా కాదు. 1950లో మొదలుపెట్టి 1976లో పోయేదాకా చతురస్రంలో చతురస్రం పెట్టి వెయ్యికి పైగా వేశాడు. లోపలివి నడిమధ్యలో ఉండవు, కిందికి జారి ఉంటాయి: చతురస్రానికీ చతురస్రానికీ మధ్య జాగా కింద ఒక వంతు అయితే రెండు పక్కలా రెండేసి, పైన మూడు. ఒకసారి సొరంగంలోకి చూస్తున్నట్టు, ఇంకోసారి మెట్ల దిమ్మెను పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఏదీ నిలవదు.

నల్లగళ్ళు:
వాసరెలీకి అన్యాయం చేస్తున్నారండీ. ఆయన షడ్భుజి బొమ్మలు చూశారా? మూడు ఛాయల్లో మూడు సమచతుర్భుజాలు కలిపితే ఘనం అవుతుంది, కానీ మధ్య మూల మన వైపుకి పొడుచుకొచ్చిందో, గది మూలలా లోపలికి పోయిందో తేలదు. రెండింటికీ కంట్లో పడే బొమ్మ ఒకటే, అందుకే మెదడు అటూ ఇటూ మారుస్తూ ఉంటుంది. గీతలతో గీసిన ఘనంలో ఈ సంగతి స్విస్ శాస్త్రవేత్త నెకర్ 1832లోనే రాశాడు. అంతెందుకు, ఇటలీలోని ప్రాచీన రోమన్ నగరం పాంపేలో ఫాన్ ఇల్లని పిలిచే ఇంట్లో రెండు వేల ఏళ్ళ కిందటి నేల మీద ఇవే ఘనాలున్నాయి.

రంగుకాగితం:
నేను పిల్లలకి డ్రాయింగ్ చెప్తాను. ఆల్బర్స్ తన విద్యార్థులతో చేయించినట్టే రంగు కాగితాలు కోయించి ఒకదాని మీద ఒకటి పెట్టిస్తా. కొలతలు అవే ఉంచి మధ్య ముక్క రంగొక్కటే మార్చినా వెనక ఉన్నది ముందుకొస్తుంది. పిల్లలు గొడవపడతారు, ఒకడు గుంత అంటాడు, పక్కవాడు గుట్ట అంటాడు. ఆల్బర్స్ నీడలు వేయలేదు, ఎక్కువగా ట్యూబులోని రంగే కలపకుండా కత్తితో పూశాడు. ఆ లోతంతా పక్కపక్క రంగుల వల్లే వచ్చింది.

చతురస్రం:
షడ్భుజి సంగతి ఒప్పుకుంటున్నాను నల్లగళ్ళు గారూ, వాసరెలీ అంతా గారడీ అన్నట్టు రాయడం నా తప్పే. వేగా మీద మాత్రం మాట మార్చుకోను.

నల్లగళ్ళు:
వేగా కూడా దగ్గరికెళ్తే వట్టి గళ్ళే, వెనక్కి జరిగితేనే బంతి. అది మారడం కాదా?

చతురస్రం:
అక్కడ మారాలంటే నేను నడవాలి. ఆల్బర్స్ ముందు కుర్చీలో కదలకుండా కూర్చున్నా బొమ్మే మారుతుంది, నేను ఎదురుచూసేది దానికోసమే.